ఇంటి నుంచే నడకా, సగం దారిలో కారు ఆపి నడకా?

నడవనని మొండికేసే నాలుగైదేళ్ల పిల్లలను బడికి నడిపించడానికి ఈ రెండూ పనికొస్తాయి. ఏది ఎంచుకోవాలన్నది చాలావరకు దూరమే తేల్చేస్తుంది.

బడి కిలోమీటరు లోపే ఉంటే ఇంటి నుంచే నడవడం మేలు. కారు ఊసే రాదు కాబట్టి బేరమంతా గుమ్మం దగ్గరే. అది దాటితే సగం గొడవ తీరినట్టే. చిక్కల్లా టైముతోనే. పెద్దవాళ్లు 12 నిమిషాల్లో నడిచే దూరం, చీమల బారు కనపడితే చతికిలబడే పిల్లలకు 25 నిమిషాలైనా పట్టొచ్చు. ఆలస్యమవుతోందని చెయ్యి పట్టి లాగుతాం, వాళ్లు కూలబడతారు, చివరికి ఎత్తుకుంటాం. ఆ రుచి మరిగితే మర్నాడు ఇంకా ముందే కూలబడతారు. కాబట్టి పావుగంట ముందే బయల్దేరండి, సంచి మీరే మోయండి. "త్వరగా నడు" అనే బదులు "ఆ ఎర్ర గేటు దాకా ఎవరు ముందు?" అనండి. రోడ్డు దాటే చోట మాత్రం పందేలు వద్దు, చెయ్యి వదలొద్దు.

రెండు కిలోమీటర్లు దాటితే దారిలో ఆపడమే నయం. మొదటి వారం బడికి 300 మీటర్ల ఇవతల ఆపి, వారానికో 100 మీటర్లు పెంచండి. పిల్లలు ఫుట్‌పాత్ వైపు తలుపు నుంచే దిగాలి. ఇక్కడ పేచీ సీట్లోనే మొదలవుతుంది: "ఇంకొంచెం ముందుకు పోనీ!" వాన పడిందని ఒక్కరోజు గేటు దాకా తీసుకెళ్లారా, మర్నాడు కథ మళ్లీ మొదటికే. గొడుగు, రెయిన్‌కోటు కారులోనే ఉంచుకోండి.

ఏ పద్ధతైనా కొత్త బూట్లతో మాత్రం మొదలుపెట్టకండి. మడమ ఒరుసుకుపోయి ఏడిస్తే అది మొండితనం కాదు.