ప్రామిసరీ నోటు దావా సమన్లు వచ్చాయి, చేతిలో పైసా లేదు: ఏది మేలు?

కోర్టు అమీనా గుమ్మం ముందు నిలబడి పేరు పెట్టి పిలిస్తే చాలామంది ఇంట్లో లేరని చెప్పిస్తారు. సమన్లు తీసుకోకపోతే కేసు నడవదని ఊళ్లలో ఇప్పటికీ గట్టి నమ్మకం. కానీ నడుస్తుంది. తీసుకోనన్నారని రాసుకుని ఒక కాపీ తలుపుకు అంటించి పోతాడు. అందినట్టే లెక్క.

డబ్బు లేదన్న మాటతో దావా కొట్టేయరు. అప్పు నిజమైతే డిక్రీ, అంటే కట్టాలన్న కోర్టు తీర్పు, వస్తుంది. ఎంతకు వస్తుంది, ఎలా కట్టాలి అన్నదే మన చేతిలో ఉన్న విషయం. ముందున్న దారులు నాలుగు: ఊరుకోవడం, జవాబు వేయడం, లోక్ అదాలత్‌లో రాజీ పడటం, ఐపీ (దివాలా పిటిషన్) పెట్టడం.

ఒక లెక్క చూద్దాం. రెండు లక్షల నోటు, నూటికి రెండు రూపాయల వడ్డీ. 34 నెలలకు వడ్డీ 1,36,000. దావా 3,36,000కు పడింది, ఖర్చులు అదనం. మధ్యలో మీరు 60 వేలు కట్టారు. అందులో 35 వేలు ఫోన్‌పేలో పంపారు, 25 వేలు చేతికిచ్చారు. నోటు వెనక చెల్లు మాత్రం రాయించుకోలేదు. దావా కాగితంలో ఆ 60 వేల ఊసే ఉండదు.

మీరు కోర్టుకు వెళ్లకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ అవుతుంది, అడిగినంతా రాసిస్తారు. దాన్ని కొట్టేయించుకోవడానికి 30 రోజుల్లో పిటిషన్ వేయాలి, రాకపోవడానికి గట్టి కారణం చూపాలి. ఆ పైన కొంత డబ్బు డిపాజిట్ చేయమనే అవకాశం ఎక్కువ. కట్టలేకనే కదా ఊరుకున్నది!

జవాబు వేస్తే ఆ 35 వేలు బ్యాంకు స్టేట్‌మెంట్‌తో తేలిపోతాయి. చేతికిచ్చిన 25 వేలకు సాక్షి దొరకాలి. నోటు కాపీ తీసుకుని వెనక వైపు తప్పక చూడండి. ఇలాంటి నోటు మీద దావాకు గడువు మూడేళ్లు. ఆ తర్వాత వేసిన దావా సాధారణంగా నిలబడేది, గడువు దాటకముందే మీరు కొంత కట్టినట్టు వెనక రాసిన చెల్లు మీద. అది మీ చేతిరాతో, మీ సంతకమో కాకపోతే కాలదోషం వాదన దొరికినట్టే. అలాగని స్టాంపు మీద సంతకం మీదే అయినప్పుడు నాది కాదని మాత్రం అనకండి. నిపుణుడి పరీక్షలో తేలితే మీ మిగతా మాటలూ ఎవరూ నమ్మరు.

జవాబులో మరో మాట తప్పక రాయించాలి: వాయిదాల్లో కట్టే వీలు ఇవ్వమని. డిక్రీ ఇచ్చేటప్పుడైతే కోర్టు తనంతట తానే వాయిదాలు ఇవ్వగలదు. డిక్రీ అయ్యాక అడిగితే అప్పిచ్చినవాడు ఒప్పుకోవాలి. ఊరుకున్నవాళ్లకు అన్నిటికన్నా పెద్ద నష్టం ఇదే, చాలామందికి తెలియనిదీ ఇదే. ఇంకొకటి, వ్యాపారపు అప్పు కాకపోతే డిక్రీ తర్వాత అసలు మీద వడ్డీ ఏడాదికి నూటికి ఆరు దాటకూడదు. మన లెక్కలో నెలకు 4,000 పడేది 1,000కి దిగుతుంది.

లోక్ అదాలత్‌లో అప్పిచ్చినవాడు కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, డబ్బు కూడా తొందరగా చేతికొస్తుంది. అందుకే వడ్డీ దగ్గర కొంత తగ్గుతాడు. నా ఓటు చాలామందికి దీనికే. అయితే ముందు జవాబు దాఖలై ఉండాలి. ఏ జవాబూ లేని మనిషితో బేరమాడాల్సిన అవసరం అతనికేముంది? సంతకం పెట్టేముందు రాజీ పత్రంలో చివరి పేరా రెండుసార్లు చదవండి. ఒక వాయిదా తప్పితే మొత్తం ఒకేసారి కట్టాలని అక్కడే ఉంటుంది. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదు. నెలకు 5,000 కట్టగలిగితే 8,000కు ఒప్పుకోవద్దు. పెద్దమనుషుల ముందు పరువు కోసం ఒప్పుకున్నవాళ్లే మూడో నెలకు తప్పుతారు.

ఐపీ అంటే మన దగ్గర తిట్టులా వాడతారు గానీ, అది 1920 నాటి దివాలా చట్టం ఇచ్చిన హక్కు. ఒక్క నోటు కోసం అయితే దండగ. అయిదారుగురు మీద పడి, ఆస్తికి మించి అప్పులున్నప్పుడు ఆలోచించాల్సిన దారి. ఆస్తి కోర్టు చేతికి పోతుంది. అంతకుముందు రెండేళ్లలో పొలం భార్య పేరున ఊరికే రాసి ఉంటే ఆ రాతా రద్దు కావచ్చు.

ఈ నాలుగింటిలోనూ అందరినీ నడిపించేది జైలు భయం. కట్టే స్తోమత నిజంగా లేనివాణ్ని డిక్రీ బాకీకి జైల్లో పెట్టకూడదని సుప్రీంకోర్టు 1980లోనే జాలీ జార్జ్ వర్గీస్ కేసులో చెప్పింది. ఉండి ఎగ్గొట్టేవాళ్ల సంగతి వేరు. చెక్కు బౌన్సు కేసు కూడా వేరు, అది క్రిమినల్. ఇక జప్తులో వంటపాత్రలు, చేతివృత్తి పనిముట్లు, సాగుకు కావలసిన ఎడ్లు ముట్టుకోరు. జీతంలో మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు వదిలేస్తారు. 31,000 జీతమైతే 10,000 వరకు పోతుంది.

లాయరుకు డబ్బులేదంటారా? ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, ఆదాయం తక్కువున్నవాళ్లకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. ఫోన్ నంబరు 15100. వెళ్లేటప్పుడు సమన్ల కవరు మీద అందిన తేదీ రాసి తీసుకెళ్లండి. మామూలు దావాలో జవాబుకు 30 రోజులు, కోర్టు ఒప్పుకుంటే 90 దాకా. సమన్లలో 37వ ఆర్డరు (తొందరగా తేల్చే సమ్మరీ దావా) అని ఉంటే మాత్రం హాజరు వేయడానికి పదే రోజులు.