అర్కన్సాస్ వజ్రాల నేలలో మనవలతో రెండు రోజులు

తొలకరి పడగానే మా కర్నూలు జిల్లా జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం తల వంచుకొని తిరిగే జనాన్ని చిన్ననాటి నుంచి చూసినదాన్ని కనుక, డాలస్ దగ్గర ఉంటున్న మా అమ్మాయి గత జూన్‌లో పిల్లలను క్రేటర్ ఆఫ్ డైమండ్స్ స్టేట్ పార్కుకు తీసుకువెళ్దామన్నప్పుడు అందరికంటే ముందు నేనే సిద్ధమయ్యాను. అమెరికాలోని అర్కన్సాస్ రాష్ట్రంలో మర్‌ఫ్రీస్‌బరో అనే చిన్న ఊరి పక్కన, పురాతన అగ్నిపర్వతపు లావా పైకి వచ్చిన గొట్టం మీద, దున్ని ఉంచిన 37 ఎకరాల నేల అది. 1906లో జాన్ హడిల్‌స్టన్ అనే రైతుకు ఇక్కడ వజ్రాలు దొరికాయి. 1972 నుంచి ఇది రాష్ట్ర పార్కు. టికెట్టు కొన్నవారికి ఏ రాయి దొరికినా అది వారి సొంతం.

పారలు, బకెట్లు, జల్లెడలు అక్కడే అద్దెకు ఇస్తారు. మోటారు యంత్రాలను అనుమతించరు కాబట్టి ఏడేళ్ల మనవరాలికీ నాకూ ఒకే పనిముట్లు, ఒకే పని. తవ్విన మట్టిని నీటి తొట్టెలో జల్లెడ పట్టి కుదుపుతూ తిప్పితే బరువైన రాళ్లు అడుగున మధ్యకు చేరతాయి. ఇది మనం బియ్యం గాలించే పద్ధతే. కాకపోతే ఇక్కడ రాళ్లనే దాచుకోవాలి. పదేళ్ల మనవడు నా చేతుల కదలికను చూసి, "అమ్మమ్మా, నీకు ముందే వచ్చా?" అని అడిగి, ఆ సాయంత్రమంతా నా పక్కనే నిలబడి నేర్చుకున్నాడు.

నాకు అన్నిటికంటే నచ్చినది రాళ్లను పరీక్షించే కేంద్రం. మనవరాలు దోసిట్లో తెచ్చిన రాళ్లను అక్కడి ఉద్యోగిని ఒక్కొక్కటిగా చూసి, ఇది జాస్పర్ అనే రంగురాయి, ఇది క్వార్ట్జ్ అనే పలుగురాయి అని ఓపికగా, ఉచితంగా వివరించింది. మా వైపు రాయి దొరికినవారు వ్యాపారి చెప్పిన మాటనే నమ్మవలసి వచ్చేది. ఇటువంటి చోటు ఒకటి జొన్నగిరిలోనూ ఉండాలని నా మనసు గట్టిగా కోరుకుంది.

బస విషయంలో మాత్రం పొరపాటు చేశాం. వంట వసతి ఉందని ఊళ్లో ఒక మోటెల్ తీసుకుంటే పొయ్యి వెలగలేదు. వెంట తెచ్చిన పులిహోర, చపాతీలే ఆదుకున్నాయి. గుడారం ఉన్నవారికి పార్కులోనే, చెట్ల కింద ఉన్న క్యాంపు స్థలాలు మేలు, ఎందుకంటే పొలంలో నీడ చాలా తక్కువ, ఎండ ముదిరేలోగా పని మొదలుపెట్టాలి. మధ్యాహ్నం పిల్లలను వేసవిలో నడిచే నీటి ఆటల చోటికి పంపడం మంచిది.

రాత్రి వాన పడినందువల్ల రెండో రోజు తవ్వకుండా నడుస్తూ వెతికాం. వజ్రానికి బురద అంటదు కాబట్టి వాన తరువాత మెరుపు కనిపిస్తుందని ఇక్కడివారూ చెబుతారు. మాకు వజ్రం దొరకలేదు. జల్లించిన కంకరను బకెట్‌తో ఇంటికి తెచ్చుకోనిస్తారు. దానిని గ్యారేజీలో పాత దుప్పటి మీద ఆరబోసి, బడి నుంచి వచ్చాక పిల్లలు రోజుకు ఒక గుప్పెడు చొప్పున ఇంకా వెతుకుతున్నారు.