పెల్లెట్‌కు నూనె పూయాలా, మైనం పూయాలా, ఏదీ పూయకుండా వదిలేయాలా?

పోయిన వేసవిలో నా ఎయిర్ రైఫిల్ ఉన్నట్టుండి గురి తప్పింది. నూజివీడు దగ్గర మా బాబాయి గారి మామిడి తోటలో, వెనక ఎత్తైన మట్టి గట్టు చూసుకుని, 25 మీటర్ల దూరంలో కాగితం మీద కాలుస్తుంటాను. ఐదు పెల్లెట్లు, అంటే అందులో వేసే చిన్న సీసపు గుళ్లు, రూపాయి బిళ్ల కింద దాగేటంత దగ్గరగా పడేవి. ఆ రోజు నూటయాభై కాల్చేసరికి అరచేయంత మేర చెదిరిపోయాయి. స్కోపు వదులైందేమోనని మరలు బిగించాను. ఫలితం లేదు. చెట్టు కింద మంచం మీద నుంచి బాబాయి, "ఎండకు నీ చెయ్యి వణుకుతోందిరా, వచ్చి మజ్జిగ తాగు" అన్నారు.

విజయవాడ వచ్చాక ఆ రాత్రి బ్యారెల్‌లో గుడ్డ ముక్క పెట్టి లాగితే బొగ్గులా నల్లగా బయటికి వచ్చింది. దీపం కింద పట్టి చూస్తే ఆ నలుపు మధ్యలో వెండి పొడి చల్లినట్టు సన్నని రేకులు మెరిశాయి. అదంతా పెల్లెట్ల నుంచి రాలి బ్యారెల్ లోపలి మెలికల గాడులకు అంటుకున్న సీసం. చెయ్యి మీద నింద తప్పింది కానీ, దీన్ని మళ్లీ పేరుకోకుండా ఆపడం ఎలా అన్న ప్రశ్న మిగిలింది. ఏడాదిగా మూడు దారులూ తొక్కి చూశాను.

ముందు ఎవరికి ఈ బెడద ఉంటుందో చెప్పాలి, ఎందుకంటే చాలామందికి ఉండదు. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల పోటీలకు వాడే రైఫిల్ 0.53 గ్రాముల పెల్లెట్‌ను సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో పంపుతుంది. ఆ వేగంలో సీసం గీసుకుపోవడం చాలా తక్కువ. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేని ఎయిర్ గన్ 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ల శక్తి దాటకూడదు. లెక్క కట్టి చూడండి, 0.547 గ్రాముల మామూలు పెల్లెట్ ఆ హద్దులో సెకనుకు 270 మీటర్లకు మించి పోలేదు. అసలు చిక్కు దానికి పైన మొదలవుతుంది. లైసెన్సు మీద తీసుకున్న నా 5.5 మిల్లీమీటర్ల పీసీపీ (ముందే సిలిండర్‌లో కుక్కి నింపిన గాలితో పేలే రైఫిల్) 1.175 గ్రాముల పెల్లెట్‌ను 290 మీటర్ల వేగంతో తోస్తుంది, అంటే దాదాపు 49 జౌళ్లు. మెత్తటి సీసం ఆ వేగంతో ఉక్కు గాడుల మీద రాసుకుంటూ పోతే కొంత అక్కడే ఉండిపోతుంది.

వేగం ఒక్కటే కాదు, గాలి కూడా కారణమే. స్ప్రింగు పిస్టన్‌ను తోసి అప్పటికప్పుడు గాలిని నొక్కే స్ప్రింగ్ తుపాకీలో పిస్టన్ వెనక ఉన్న గ్రీజు, నూనెల ఆవిరి ప్రతి దెబ్బకూ కాస్త బ్యారెల్‌లోకి వచ్చి దాన్ని తడుపుతూనే ఉంటుంది. పీసీపీలో 200 బార్లకు పైగా కుక్కిన గాలి వడకట్టి, తేమ తీసి నింపినది. అది ఒక్కసారిగా వ్యాకోచించి చల్లగా, పొడిగా వస్తుంది. కాబట్టి బ్యారెల్‌కు తనంతట తానుగా అందే నూనె చుక్క ఉండదు.

అందుకే స్ప్రింగ్ తుపాకీ ఉన్నవారికి నా మాట ఒక్కటే: పెల్లెట్లకు నూనె జోలికి పోకండి. మా పటమటలో తెలిసినవారి అబ్బాయి ఒకడు ఎవరో చెప్పారని కుట్టుమిషను నూనె పెల్లెట్ వెనక గుంటలో చుక్క వేసి పేల్చాడు. ఎప్పుడూ టప్పుమనే తుపాకీ ఠప్పున పేలింది, మూతి నుంచి నీలి పొగ, మాడిన పోపు వాసన. పిస్టన్ నొక్కే గాలి ఆ క్షణంలో విపరీతంగా వేడెక్కుతుంది, నూనెకు నిప్పంటుకుంటుంది. వాడికి సరదాగానే ఉంది. "అన్నయ్యా, దీని పవరు పెరిగింది" అని నాకు ఫోను చేశాడు. పవరు పెరిగింది నిజమే, నాలుగు రోజులకు పిస్టన్ సీలు పోయింది, స్ప్రింగు మార్చాల్సి వచ్చింది.

ఇక పీసీపీ సంగతి. మొదటి దారి ఏదీ పూయకుండా కాల్చి, తరచూ తుడుచుకోవడం. చాలా కంపెనీల పెల్లెట్లు డబ్బాలోనే పలచని పూతతో వస్తాయి, కొందరికి అదే సరిపోతుంది. నాకు సరిపోలేదు. ఇందులో అసలు విసుగు తుడిచిన తర్వాత వస్తుంది. శుభ్రమైన బ్యారెల్ మళ్లీ కుదురుకోవడానికి నా తుపాకీ ఇరవై, ముప్ఫై పెల్లెట్లు మింగుతుంది. అప్పటిదాకా గురి ఎటు పోతుందో చెప్పలేం. నూటయాభైకి ఒకసారి తుడిచి, ముప్ఫై వృథా చేసుకుంటే అందులో ఐదో వంతు బ్యారెల్ మొక్కు చెల్లించినట్టే.

రెండో దారి నూనె. విదేశాల్లో పేరుపడిన మిశ్రమం ఒకటుంది, 'విస్కోంబ్ హనీ' అంటారు: రెండు పాళ్లు తుపాకీ నూనె, ఒక పాలు ఇంజిన్ ఆయిల్‌లో కలిపే చిక్కటి మందు. ఆ చిక్కటి మందు కోసం ఆటోనగర్ వెళ్లాను. కొట్టు ఆయన "ఏ బండికండీ?" అని అడిగారు. పెల్లెట్లకని చెప్తే అర్థం కాక నన్ను పైనుంచి కిందికి చూసి, "డీజిలా, పెట్రోలా?" అన్నారు. పెట్రోలేనని చెప్పి తెచ్చుకున్నాను.

పూయడంలోనే ఉంది కిటుకు. మనకు ఆవకాయ పెట్టిన చెయ్యి, నూనె పైకి తేలకపోతే తృప్తి ఉండదు. ఇక్కడ తేలితే చెడినట్టే. డబ్బా అడుగున పలచటి స్పాంజి ముక్క పరిచి, ఐదారు చుక్కలు వేసి, పెల్లెట్లు పోసి మెల్లగా దొర్లించాలి. ఇడ్లీ రేకుకు నూనె రాసినట్టు, మెరుపు కనిపించాలి కానీ వేలికి తడి తగలకూడదు. మొదటిసారి ఇరవై చుక్కలు వేశాను. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌లో వేగం ఒక్కో పెల్లెట్‌కు ఒక్కోలా వచ్చింది, గురి మెల్లగా కిందికి జారింది.

తక్కువ వేసినప్పుడు పని చేసిన మాట నిజం. నూటయాభై దగ్గర చెదిరే పెల్లెట్ల గుంపు మూడు వందలు దాటినా కుదురుగానే ఉంది. ఇంకో లాభం వానాకాలంలో తెలిసింది. కృష్ణ ఒడ్డు తేమకు డబ్బాలో పెల్లెట్ల మీద తెల్లటి బూడిద పూస్తుంది, నూనె పూసినవాటికి అది పట్టలేదు. కానీ దుమ్ము! మా వీధిలో ఏడాది పొడవునా ఎవరో ఒకరు ఇల్లు కడుతూనే ఉంటారు. మూత తీసి పెట్టిన డబ్బాలో పెల్లెట్లు అరగంటకే ఇసుక పొడి పూసుకుంటాయి. అలాంటి పెల్లెట్‌ను బ్యారెల్‌లోకి తోయడం గాడులకు గరుకు కాగితం పెట్టడమే. ఇంట్లో ఉన్న నూనెతో సరిపెట్టుకోవాలని చూడకండి. నువ్వుల నూనె కొన్నాళ్లకు జిగురు కడుతుంది, కొబ్బరి నూనె డిసెంబరు తెల్లవారుజామున పేరుకుంటుంది. ఏ పెట్రోలియం నూనె అయినా పీసీపీ గాలి నింపే రంధ్రం వైపు పోకుండా చూసుకోవాలి, అంత ఒత్తిడిలో గాలీ నూనే కలిస్తే పేలే ప్రమాదం ఉంది. లోపలి రబ్బరు రింగులకు మామూలుగా సిలికాన్ గ్రీజే రాస్తారు.

మూడో దారి మైనం. సైకిలు గొలుసులకు వాడే పొడి మైనం ద్రవం దొరుకుతుంది, పోస్తే తడి, ఆరితే పలచని పొర. పెల్లెట్లను పళ్లెంలో పోసి, కొద్దిగా చల్లి, బియ్యం చెరిగినట్టు నెమ్మదిగా అటూ ఇటూ కదిపి, కాగితం మీద పరిచి ఒక రాత్రి వదిలేయాలి. దుమ్ము అంటదు, వేళ్లు జిడ్డు కావు, వేగంలో తేడా నూనెకన్నా తక్కువ. ఓపిక లేకపోతే మాత్రం ఇది మీకు పడదు. సరిగా ఆరకపోతే పెల్లెట్ వెనక గుంటలో మైనం గడ్డకడుతుంది, బరువు తేడా వస్తుంది. మే నెలలో కారులో మరిచిపోయిన డబ్బా తెరిచి చూస్తే పెల్లెట్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని బెల్లం పాకం పట్టిన వేరుశనగల్లా ఉన్నాయి.

నూనెకూ మైనానికీ మధ్యనే అయితే నా ఓటు మైనానికి. దుమ్ము లేని ఊళ్లో ఉండుంటే నూనె అనేవాణ్ణేమో. కానీ చివరికి నాకు ఎక్కువ మేలు చేసింది వీటిలో ఏదీ కాదు, బరువైన పెల్లెట్. 1.645 గ్రాములది వేస్తే అదే తుపాకీలో వేగం సెకనుకు 250 మీటర్ల దగ్గర ఆగుతుంది. శక్తి తగ్గలేదు, వేగం తగ్గింది, సీసం గీసుకుపోవడమూ తగ్గింది. సీసాన్ని గట్టిపరిచే ఆంటిమొనీ కలిపిన గట్టి పెల్లెట్లూ ఉన్నాయి, అవి ఇంకా తక్కువ రాలుతాయి కానీ నా బ్యారెల్‌కు నప్పలేదు, మీదానికి నప్పవచ్చు. ఇప్పుడు బరువు పెల్లెట్లకే మైనం పూసి, ఐదు వందలకు ఒకసారి గుడ్డ లాగుతున్నాను. గుడ్డ బూడిద రంగులో వస్తుంది, వెండి రేకులు కనిపించవు. ఏది పూసినా పూయకపోయినా పెల్లెట్లు ముట్టిన చేతులు సబ్బుతో కడిగాకే అన్నం ముద్ద పట్టుకుంటాను, ఇంట్లో పిల్లలున్నారు.

ఆటోనగర్ నుంచి తెచ్చిన చిక్కటి మందు సీసా ముప్పాతిక మిగిలింది. మా వీధి గేటు మడతబందులు ఇప్పుడు చప్పుడు చేయడం లేదు.