ఎగరని విమానంతో ఆరేళ్ళు: టా 183 కిట్ గురించి

టా 183 అనే విమానపు నమూనాను ముక్కలు అతికించి కట్టుకునే ఈ 1/72 స్కేలు (అసలులో 72వ వంతు) కిట్‌ను నేను 2019 వానాకాలంలో విశాఖపట్నంలో మొదలుపెట్టి, మరుసటి సంక్రాంతికి పూర్తి చేశాను. అప్పటి నుంచి అది గాజు పెట్టె కూడా లేకుండా పుస్తకాల అర మీద ఉంది. ఒకసారి లారీలో హైదరాబాదుకు ఇల్లు మారింది. మోడల్ కట్టిన వారంలోనే రాసే సమీక్షలు చాలా చదివాను. అతుకు ఎలా కుదిరిందో అవి చెబుతాయి గాని, అదే అతుకు ఇన్ని వేసవులు, ఇన్ని వానలు చూశాక ఎలా ఉంటుందో చెప్పవు. అందుకే ఇన్నాళ్ళు ఆగి రాస్తున్నాను. తయారీ సంస్థ పేరు రాయడం లేదు. ఈ విమానం కిట్ ఏది తీసుకున్నా ఎదురయ్యే చిక్కులు దాదాపు ఇవే.

ముందు విమానం సంగతి. రెండో ప్రపంచ యుద్ధం చివరి నెలల్లో జర్మనీలో ఫోకె-వుల్ఫ్ సంస్థ గీసిన జెట్ ఫైటర్ ఇది. ఆ సంస్థ ప్రధాన ఇంజనీరు కుర్ట్ టాంక్ బృందంలోని హన్స్ ముల్టాప్ దీని రూపకర్త. 40 డిగ్రీలు వెనక్కి వాలిన రెక్కలు, పొట్టి శరీరం, ఎత్తైన తోక, ఆ తోక కొన మీద అడ్డ రెక్క. 1945 ఏప్రిల్‌లో బ్రిటిష్ సేనలు కర్మాగారాన్ని పట్టుకునే నాటికి ఒక్క విమానం కూడా పూర్తి కాలేదు. అంటే దీనికి అసలైన ఫోటో లేదు, అసలైన రంగు లేదు. నన్ను పట్టుకున్నది అదే.

చాలామంది దీన్ని జర్మన్ రంగుల్లోనే కడతారు. నేను మరో దారి పట్టాను. యుద్ధం తరువాత కుర్ట్ టాంక్ అర్జెంటీనా వెళ్ళి, ఇవే ఆలోచనలతో పుల్కీ 2 అనే జెట్ తయారుచేశాడు. అది 1950లో ఎగిరింది గాని, అయిదింటితోనే ఆగిపోయింది. 1956లో ఆయన మన దేశానికి వచ్చాడు. బెంగళూరులో ఆయన బృందం రూపొందించిన జెట్ యుద్ధ విమానం హెచ్ఎఫ్-24 మారుత్ 1961 జూన్ 17న గాలిలోకి లేచింది. బెంగళూరు హెచ్‌ఏఎల్ మ్యూజియంలో మారుత్ ముందు నిలబడినప్పుడు నాకు తోచింది ఇది: మారుత్‌కు ముందు మెట్టుగా, పాత కాగితాల్లోని టా 183ను 1957లో బెంగళూరులో ఒక ప్రయోగ విమానంగా కట్టి ఉంటే ఎలా ఉండేది? ఇంజను కూడా మారుత్‌కు రెండు పెట్టిన ఆర్ఫియస్‌లలో ఒకటి అనుకున్నాను. ఆ ఒక్కటే 2,200 కిలోల తోపుడు ఇస్తుంది. 1945 నాటి జర్మన్ ఇంజనుకు అనుకున్నది 1,300 కిలోలు.

ఇక కిట్. భాగాలు నలభైకి లోపే. అసలు విమానానికి రెక్కల కొస నుంచి కొసకు పది మీటర్లు, ఈ స్కేలులో 139 మి.మీ. రావాలి. కొలిస్తే 138 వచ్చింది. కాక్‌పిట్‌లో ఒక కుర్చీ, విమానాన్ని నడిపే ఒక కర్ర, అంతే. కానోపీ (పైలట్ మీది అద్దపు మూత) మూసేస్తే అదీ కనబడదు కాబట్టి దాని మీద కాలం వెచ్చించలేదు.

కాలం పెట్టాల్సింది ముక్కులో. ఈ విమానం తోక మీద కూలబడుతుంది. మూడు చక్రాల మీద నిలవాలంటే ముక్కులో బరువు ఉండాలి. కాని ముక్కు మధ్యలోంచి ఇంజనుకు గాలి గొట్టం వెళుతుంది కాబట్టి అక్కడ చోటే లేదు. చేపల వలకు కట్టే సీసపు గుళ్ళను సుత్తితో పలచగా కొట్టి, గొట్టం చుట్టూ ముక్కలుగా అమర్చాను. రెండు సగాలను రబ్బరు బ్యాండుతో కట్టి, చక్రాలు తాత్కాలికంగా పెట్టి, నిలబడుతుందో లేదో చూశాకే అతికించాను. ఏడు గ్రాములు పట్టింది. ఒక జాగ్రత్త గట్టిగా చెబుతాను: సీసాన్ని తెల్ల జిగురుతో అతికించవద్దు. ఆ జిగురు వదిలే ఆమ్లపు ఆవిరికి సీసం ఏళ్ళ మీద తెల్లగా పూసి ఉబ్బుతుంది. నా పాత మోడల్ ఒకటి ఇలాగే నాలుగో ఏట ముక్కు దగ్గర పగిలింది. ఇందులో ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు) వాడాను. ఆరేళ్ళ తరువాత కూడా ముక్కు అతుకు వెంట్రుక మందం కూడా విచ్చుకోలేదు.

రెండో బలహీనత తోక. ఎత్తైన నిలువు పలక సన్నని మొదలు మీద నిలవాలి, దాని కొన మీద అడ్డ రెక్కను మోయాలి. కిట్ ఇచ్చిన కొక్కెం దానికి చాలదు. అర మిల్లీమీటరు ఇత్తడి తీగలు రెండు, చేతి డ్రిల్లుతో రంధ్రాలు చేసి దించాను. ఇల్లు మారినప్పుడు చక్రపు కాలు ఒకటి విరిగింది, తోక మాత్రం కదలలేదు. తీగ లేకుండా ఈ కిట్ ఎవరూ కట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

రంగు దగ్గర అసలు పరీక్ష వచ్చింది. నిజంగా ఎగిరిన విమానమైతే ఫోటో చూసి వేస్తాం. ఎగరనిదానికి ప్రతి రంగుకూ కారణం మనమే వెతకాలి. 1953లో మన వైమానిక దళానికి వచ్చిన తూఫానీ జెట్ ఫైటర్లు లోహపు మెరుపుతో ఉండేవి కాబట్టి మొత్తం వెండి రంగు కొట్టేద్దామని మొదట అనుకున్నాను. తరువాత ఆగిపోయాను. టా 183 రెక్కల తొడుగు ప్లైవుడ్. చెక్క లోహంలా మెరవదు, దానికి పూతే వేయాలి. చెక్క జెట్ మనవాళ్ళకు కొత్త కూడా కాదు: బెంగళూరులోనే తయారైన వాంపైర్ జెట్ ఫైటర్‌లో పైలట్ కూర్చునే ముందు భాగం ప్లైవుడ్, బాల్సా చెక్కలే. అందుకని శరీరానికి నల్లని నిగనిగల పూత మీద మెరిసే అల్యూమినియం రంగు, రెక్కలకు మెరుపు లేని వెండి పూత వేశాను. చూసినవాళ్ళు చాలామంది ఆ తేడా గమనించరు. నాకు మాత్రం ఆ తేడాతోనే ఇది బొమ్మ కాకుండా విమానమైంది.

ఆరేళ్ళలో చెడినవీ చెప్పాలి. రెక్క మొదలు దగ్గర సందు పెద్దది, ట్యూబు లప్పంతో పూడ్చాను. అది ఏడాదిన్నరకు కుంగి, సన్నని గీత మళ్ళీ తేలింది. వెండి రంగు కింద ఏ లోపమూ దాగదు. ఎడమ రెక్క దగ్గర మాత్రం లప్పం బదులు సూపర్ గ్లూలో టాల్కం పౌడర్ కలిపి నింపాను, అది ఇప్పటికీ చదునుగానే ఉంది. గట్టిపడి రాయి కాకముందే, గంటలోపే ఉప్పుకాగితం పట్టాలి. కానోపీ దగ్గరికి మాత్రం సూపర్ గ్లూ తీసుకుపోవద్దు, దాని ఆవిరికి అద్దం మసకబారుతుంది. అక్కడ తెల్ల జిగురే మేలు.

వార్నిష్ వానాకాలంలో కొట్టడం నా తప్పు. విశాఖ తేమకు తెల్లని పొర కమ్మింది, ఎండ పొడిగా కాసేదాకా ఆగి మళ్ళీ కొట్టాల్సి వచ్చింది. మన రౌండెల్‌లో (వైమానిక దళపు గుండ్రటి గుర్తులో) బయట కాషాయం, నడుమ తెలుపు, లోపల ఆకుపచ్చ. కిటికీ వైపు రెక్క మీద కాషాయం వెలిసింది, తెలుపు పసుపెక్కింది. అవతలి రెక్క మీద రెండూ కొత్తవిలాగే ఉన్నాయి. ఎండ పడని చోట పెట్టి ఉంటే ఈ పేరా అవసరమయ్యేది కాదు.

చూడగానే చాలామంది సోవియట్ జెట్ ఫైటర్ మిగ్-15 అంటారు. మిగ్‌కు అడ్డ రెక్క తోక మధ్యలో ఉంటుంది, దీనికి చిట్టచివర. ఆ తేడా చూపించి అక్కడి నుంచి టాంక్ కథ, మారుత్ కథ మొదలుపెడతాను. ఇంటికి వచ్చిన పిల్లలు అర మీద ఉన్న మిగతా విమానాలన్నీ వదిలి దీని గురించే ఎక్కువ అడుగుతారు.

మొదటి కిట్‌గా దీన్ని ఎవరికీ సిఫారసు చేయను. లప్పం, ఉప్పుకాగితం అలవాటైన వారు నిస్సంకోచంగా తీసుకోవచ్చు. నేను రెండోది కొన్నాను. ఈసారి అర్జెంటీనా రంగులు వేస్తాను, రెక్కల సందుకు ట్యూబు లప్పం ముట్టను. ఇత్తడి తీగలు ఇప్పటికే కత్తిరించి పెట్టెలో వేసి ఉంచాను.