మట్టిదారిలో ఆర్‌ఎక్స్ 135: టూ-స్ట్రోక్ ఇంజన్ శక్తి పెంచిన తర్వాత దీర్ఘకాలిక వాడకంపై సమీక్ష

మోటోక్రాస్ (మట్టి ట్రాక్ రేసుల) కోసమే తయారయ్యే యమహా వైజెడ్ 125 వంటి బళ్లు మన దగ్గర సామాన్యుడి చేతికి అందేవి కావు. అందువల్ల టూ-స్ట్రోక్ (పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి కదిలేలోపే పని చక్రం పూర్తయ్యే ఇంజన్) మీద మనసున్నవారిలో చాలామంది పాత యమహా ఆర్‌ఎక్స్ బళ్లనే మట్టికి అనువుగా మార్చుకుంటారు. నా దగ్గర ఉన్నది ఐదు గేర్ల ఆర్‌ఎక్స్ 135. బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 58 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 50 మిల్లీమీటర్లు, మొత్తం 132 సీసీ. దీనికి ఎక్స్‌పాన్షన్ చాంబర్ (వెడల్పై మళ్లీ సన్నబడే పొగ గొట్టం), 24 మిల్లీమీటర్ల కార్బురేటర్, ఫైబర్ రీడ్ రేకులు (ఇంజన్లోకి మిశ్రమాన్ని వదిలే కవాటపు రేకులు) అమర్చి, ఎగ్జాస్ట్ పోర్టును (పొగ బయటికి పోయే సిలిండర్ రంధ్రాన్ని) కొద్దిగా పైకి లేపించి, హెడ్డును (సిలిండర్ పై మూతను) లేత్ మీద కోయించి, వెనుక స్ప్రాకెట్ మార్చి, చేవెళ్ల వైపు ఎర్ర చల్కా నేలల్లో, స్నేహితుల పొలాలను ఆనుకున్న గుట్టల మీద ఏళ్లుగా నడుపుతున్నాను. శక్తి పెరిగిందనడంలో సందేహం లేదు. అయితే ఆ శక్తి ఏ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర పెరిగింది, దానికి బదులుగా ఎక్కడ తగ్గింది అన్నదే మట్టిలో అసలు ప్రశ్న.

అన్ని మార్పుల్లోకి ఎక్కువ తేడా చూపినది ఎక్స్‌పాన్షన్ చాంబర్. ఎగ్జాస్ట్ పోర్టు తెరుచుకోగానే బయలుదేరే పీడన తరంగం, గొట్టం వెడల్పయ్యే కోను దగ్గర చూషణ తరంగంగా మారి వెనక్కి వచ్చి, సిలిండర్లో మిగిలిన పొగను బయటికి లాగుతూ ట్రాన్స్‌ఫర్ పోర్టుల (తాజా మిశ్రమం సిలిండర్లోకి వచ్చే దారుల) గుండా పెట్రోలు, గాలి కలిసిన తాజా మిశ్రమాన్ని పైకి రప్పిస్తుంది. ఆ తరంగమే ముందుకు సాగి, సన్నబడే రెండో కోనుకు తగిలి, ఈసారి ఒత్తిడి తరంగంగా తిరిగొచ్చి, బయటికి జారిపోయిన తాజా మిశ్రమాన్ని పోర్టు మూసుకునేలోపు మళ్లీ సిలిండర్లోకి నెడుతుంది. ఈ విద్యను 1950ల్లో తూర్పు జర్మనీలోని ఎంజెడ్ సంస్థలో వాల్టర్ కాడెన్ ఒక కొలిక్కి తెచ్చారు. 1961లో ఆయన రేసర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ పశ్చిమానికి పారిపోయి సుజుకీలో చేరడంతో ఆ రహస్యం జపాన్‌కు చేరింది. ఇంతటి చరిత్ర ఉన్న వస్తువును, కొలతలేమిటో చెప్పలేనివారు సైతం మెరుగు పూసి అమ్ముతుంటారు, అది వేరే సంగతి.

గొట్టం పొడవు స్థిరం కనుక తరంగం సరైన సమయానికి తిరిగొచ్చేది కొంత ఆర్‌పీఎం పరిధిలోనే. అక్కడికి దిగువన అదే తరంగం తప్పు సమయంలో వచ్చి, ఉన్న పికప్పును కూడా చెడగొడుతుంది. నేను రెండు రకాల చాంబర్లను ఇదే ఇంజన్ మీద వాడి చూశాను. పొట్టిగా, తారు ట్రాక్ రేసులకు తగినట్లుగా చేసినది చివరి ఆర్‌పీఎంలో ఒక్కసారిగా పేలినట్లు లాగేది గానీ, వదులు మట్టిలో మలుపు నుంచి బయటపడేటప్పుడు క్లచ్ నొక్కి వదిలే పని తప్పేది కాదు, పైగా శక్తి అందుకున్న క్షణాన వెనుక చక్రం గిర్రున తిరిగి పక్కకు జారేది. పొడవైన రెండోదానితో పై వేగం కొంత తగ్గినా, మధ్య ఆర్‌పీఎం నుంచే లాగుడు మొదలవుతుంది, గుట్ట ఎక్కుతూ సగంలో గేరు తగ్గించాల్సిన అవసరం తక్కువ పడుతుంది. ఇప్పటికీ బండికి ఉన్నది అదే.

పోర్టింగ్ (పోర్టులను కోసి మార్చడం) విషయంలోనూ లెక్క ఇదే. ఎగ్జాస్ట్ పోర్టు పై అంచును లేపితే పొగకు ముందుగా దారి దొరికి, ఎక్కువ ఆర్‌పీఎంలో సిలిండర్ బాగా ఖాళీ అవుతుంది. కానీ పోర్టు ఆలస్యంగా మూసుకోవడంతో మిశ్రమాన్ని నొక్కే దూరం కుదించుకుపోయి కింది లాగుడు పడిపోతుంది. వైజెడ్ బళ్లలో ఈ చిక్కును తీర్చడానికే వైపీవీఎస్ అనే పవర్ వాల్వు ఉంటుంది. తక్కువ ఆర్‌పీఎంలో అది పోర్టు ఎత్తును తగ్గించి, వేగం పెరిగేకొద్దీ తెరుస్తుంది. ఆర్‌ఎక్స్‌కు అది లేదు, ఒకసారి కోసిన పోర్టు కోసినట్లే ఉంటుంది. అందుకే నేను అర మిల్లీమీటరుతో ఆపించాను. అదే సమయంలో పోర్టు అంచులను నున్నగా, ఏటవాలుగా రాయించడం తప్పనిసరి, లేదంటే పిస్టన్ రింగు పోర్టులోకి ఉబ్బి అంచుకు తగులుతుంది. వెడల్పు పెంచుతామని ఉత్సాహపడే మెకానిక్కులకు ఈ ఒక్క కారణం చాలు, దూరంగా ఉండటానికి.

హెడ్డు కోయించినప్పుడు స్పార్క్ ప్లగ్ రంధ్రం గుండా సీసపు సోల్డర్ తీగను పిస్టన్ అంచుదాకా దూర్చి, ఇంజన్‌ను చేత్తో తిప్పి, నలిగిన మందాన్ని, అంటే పిస్టన్‌కూ హెడ్డుకూ మధ్య ఖాళీని, కొలిపించాను. ఒక మిల్లీమీటరుకు కొంచెం పైన ఉంచడం వల్ల ఎండాకాలంలో కూడా డిటొనేషన్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) చప్పుడు వినలేదు. ప్లగ్‌ను ఒక మెట్టు చల్లనిదానికి (వేడిని త్వరగా బయటికి పంపేదానికి) మార్చాను. ఎన్‌జీకేలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్ చల్లనిదని కొత్తవారు గుర్తుంచుకోవాలి. కంపెనీ ఇచ్చిన 20 మిల్లీమీటర్ల కార్బురేటర్ స్థానంలో 28 వేసేవారు ఉన్నారు గానీ, పెద్ద గొంతులో గాలి వేగం మందగించి తక్కువ థ్రాటిల్‌లో ఇంజన్ తడబడుతుంది. మట్టికి 24 చాలు. బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక మాత్రం మెయిన్ జెట్టును (కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే రంధ్రాన్ని) ఒక సైజు పెంచవలసి వచ్చింది, ఎందుకంటే ఇథనాల్‌లోని ఆక్సిజన్ మిశ్రమాన్ని పలచబరుస్తుంది, టూ-స్ట్రోక్‌లో పలచన మిశ్రమం అంటే పిస్టన్ పట్టేయడానికి దగ్గరి దారి.

ఆయిల్ పంపును తీసేసి, లీటరు పెట్రోలుకు ముప్పై మిల్లీలీటర్ల చొప్పున టూటీ (టూ-స్ట్రోక్ ఇంజన్ల) ఆయిల్‌ను నేరుగా ట్యాంకులోనే కలుపుతున్నాను. పొగ కొంచెం ఎక్కువే, కానీ పొడవాటి ఎత్తులు ఎక్కేటప్పుడు ఇంజన్‌కు నిశ్చింత. బండి కొన్ని వారాలు ఆగి ఉంటే, నీటిని పీల్చుకునే ఇథనాల్ ఆ మిశ్రమాన్ని పాడు చేయకుండా ట్యాంకు ఖాళీ చేయడం మేలు.

నిజానికి ఇంజన్ ఆయుష్షును నిర్ణయించినది ఈ మార్పుల కన్నా చల్కా దుమ్మే. స్పాంజి ఫిల్టర్‌కు ఆయిల్ పట్టించి, నడిపిన ప్రతిసారీ కడిగినంత కాలం బోరు గోడల మీద గీతలు కనబడలేదు. ఇనుప లైనర్ కావడం ఆర్‌ఎక్స్‌కు వరం, అరిగితే 0.25 మిల్లీమీటర్ల చొప్పున పెంచుకుంటూ బోరింగ్ చేయించి ఓవర్‌సైజు పిస్టన్ వేసుకోవచ్చు. రింగులను మాత్రం రోడ్డు మీద వాడే బండి కన్నా చాలా ముందుగా మార్చాలి. పోర్టింగ్ అయిన ఇంజన్ కిక్ తేలికగా పడుతోందంటే సంతోషించకుండా కంప్రెషన్ చూపించుకోవడం మంచిది. క్రాంక్ సీళ్లు (క్రాంక్ షాఫ్టు చివర్లలోని రబ్బరు సీళ్లు) గట్టిపడి గాలి లాగడం మొదలైతే జెట్ల సైజు ఎంత సరిచేసినా నిలవదు. ఐడిల్ వద్ద ఆర్‌పీఎం తనంతట తాను పెరుగుతుంటే మొదట అనుమానించవలసింది వాటినే.

ఇంత ఖర్చులో అన్నింటికన్నా గిట్టుబాటైనది వెనుక పెద్ద స్ప్రాకెట్. శక్తి ఒక్క గుర్రం కూడా పెరగకపోయినా, గుట్ట మీద ఇంజన్ మార్పుల్లో సగం చేయించినంత తేడా కనిపిస్తుంది. ముందుగా అది వేయించి, కొంతకాలం నడిపి, తర్వాత పోర్టింగ్ సంగతి ఆలోచించవచ్చు. శక్తి పెరిగాక క్లచ్ జారిపోవడం మొదలైంది, కొంచెం గట్టి స్ప్రింగులు వేశాక సర్దుకుంది. డ్రమ్ బ్రేకులు మాత్రం ఏ సర్దుబాటుకూ లొంగలేదు, దిగుడులో ఇప్పటికీ వేగాన్ని ముందే తగ్గించుకోవలసిందే.

మైలేజీ గురించి అడిగేవారికి ఈ బండి తగదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో నమోదైన వివరాలు మారేలా బండిని మార్చడం కుదరదు కనుక, నా బండి ట్రాలీ మీదే పొలానికి చేరుతుంది. చాంబర్ చప్పుడు ఊరి మధ్యలో ఎవరికీ నచ్చదు కూడా. ఈ పని చేయించదలచినవారు కంపెనీ సిలిండర్‌ను కోయించకుండా అటక మీద దాచి, పోర్టింగ్‌ను వేరే పాత సిలిండర్ మీద చేయించడం తెలివైన పని. డూప్లికేట్ సిలిండర్లు తేలికగానే దొరుకుతాయి గానీ, వాటి పోర్టుల ఎత్తు ఒకటికొకటి పొంతన ఉండదు, మంచి అసలు సిలిండర్ ధర మాత్రం ఏటేటా పెరుగుతూనే ఉంది.