"రెడీ టు ఈట్" అవకాడో ఆన్‌లైన్‌లో కొనే ముందు ఇది చదవండి (అనంతపురం)

శనివారం పొద్దున ఉగ్గాని, బజ్జీ ఉంటే మా ఇంట్లో ఇంకేమీ అడగరు. ఈసారి మాత్రం బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా పాప సెలవుకు వస్తూ, "అమ్మా, గుడ్డు, టమాటా పెట్టి అవకాడో టోస్ట్ చేసియ్యి. ఇక్కడ ఒక్క ప్లేటుకు మూడొందలు గుంజుతారు" అంది. బిడ్డ నోరు తెరిచి అడిగింది కదా అని, ఒక డెలివరీ యాప్‌లో బ్రేక్‌ఫాస్ట్ బాక్స్ ఆర్డర్ పెట్టినా. నాలుగు అవకాడోలు, ఒక మల్టీగ్రెయిన్ బ్రెడ్, ఆరు గుడ్లు, మొత్తం 649 రూపాయలు. కాయ బొమ్మ కింద ఆకుపచ్చ అక్షరాలతో "రెడీ టు ఈట్" అని ఉంది. ఆ మూడు మాటలే నన్ను ముంచాయి. యాప్ పేరు రాయడం లేదు, గొడవ ఇంకా నడుస్తోంది.

శుక్రవారం సాయంత్రం బాక్స్ వచ్చింది. శనివారం పొద్దున పాప ముందే కాయ కోసినా. కోసినా అంటే, కోయబోయినా. కత్తి అర అంగుళం దిగి ఆగిపోయింది. పచ్చి బొప్పాయి కూడా అంత గట్టిగా ఉండదు. ఎట్లాగో రెండు చెక్కలు చేస్తే లోపల పాలిపోయిన పసుపు, విత్తనం ఊడి రాదు, స్పూను దిగదు. నాలుక మీద పెట్టుకుంటే వగరు, చేదు. పాప మారు మాట్లాడకుండా ఉగ్గాని పెట్టుకుంది. మా ఆయన ఊరుకుంటాడా, "చీనీ కాయలు పండే ఊర్లో ఇదేం పిచ్చి" అని రెండు రోజులు సాగదీశాడు.

అసలు సంగతి ఇక్కడి నుంచి మొదలైంది. వెంటనే యాప్ చాట్‌లో ఫోటో పెట్టి కాయ గట్టిగా ఉందని రాసినా. "మేడమ్, ఇది సహజమే, మూడు నాలుగు రోజులు బయట పెట్టండి, మాగుతుంది" అని జవాబు. నిజమే కాబోలు అనుకున్నా. మామిడికాయలు గడ్డిలో మాగేసినట్టే, మిగిలిన మూడింటినీ కాగితం సంచిలో రెండు అరటిపండ్లతో కలిపి బియ్యం డబ్బా పక్కన పెట్టినా. పాప ఆదివారం రాత్రి బస్సెక్కి వెళ్లిపోయింది.

మంగళవారం ఒకటి మెత్తగా తగిలింది. కోస్తే లోపల బూడిద రంగు, అందులో నల్లటి నారలు, వేర్లలాగా. బుధవారం రెండోది కోసినా. పైన తొక్క ముడతలు పడింది, లోపల రబ్బరు. మళ్లీ చాట్ తెరిస్తే వచ్చిన జవాబు ఇది: "పండ్లు, కూరగాయల మీద ఫిర్యాదుకు గడువు 48 గంటలు. మీ గడువు ముగిసింది."

కాయ మాగడానికి నాలుగు రోజులకు పైనే పడుతుంది. ఫిర్యాదుకు గడువేమో రెండు రోజులు. వేచి ఉండమని చెప్పింది వాళ్లే, ఆలస్యమైందని చెప్పిందీ వాళ్లే. అవకాడో కొనేవాళ్లకు నేను చెప్పదలచుకున్నది ఇదే. కాయ గట్టిగా వస్తే "మాగుతుంది" అన్న మాట విని ఊరుకోకండి. ఆ రోజే ఫిర్యాదు నంబరు తీసుకోండి, చాట్ స్క్రీన్‌షాట్ తీయండి. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన ఒక్క తెలివైన పని ఆ శనివారం చాట్‌ను స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవడమే.

తర్వాత ఈ కాయ సంగతి కొంచెం తెలుసుకున్నా. అవకాడో చెట్టు మీద మాగదు, కోసిన తర్వాతే మాగుతుంది. బాగా ముదిరిన కాయ కోస్తే ఇంట్లో పెట్టినా వెన్నలా అవుతుంది. లేతగా ఉండగానే కోస్తే ఎన్ని అరటిపండ్లు పక్కన పెట్టినా తొక్క ముడుచుకుపోయి రబ్బరు అవుతుందే తప్ప పండదు. నా రెండో కాయ కథ అదే. ఇక నల్ల నారల కాయ ఎక్కడో మరీ చల్లటి చోట ఎక్కువ రోజులు ఉండి ఉంటుంది. చలి దెబ్బ తగిలిన అవకాడో లోపల అట్లా బూడిద రంగుకు తిరుగుతుంది. బయటికి ఏమీ కనపడదు. అందుకే గట్టి కాయను మీరు కూడా ఫ్రిజ్‌లో పెట్టకండి. మెత్తబడ్డాక పెడితే రెండు మూడు రోజులు ఆగుతుంది. మైక్రోవేవ్‌లో పెడితే పండుతుందని వీడియోలు తిరుగుతున్నాయి కదా, ఆ పనీ చేసి చూసినా. మెత్తబడింది, కానీ ఉడికిన సొరకాయ రుచి.

రంగు చూసి కొనడం కూడా మోసమే. మొటిమలు మొటిమలుగా ఉండే చిన్న రకం, హాస్ అంటారు, అది పండితే నల్లబడుతుంది. కొడగు, కొడైకెనాల్ వైపు నుంచి వచ్చే నున్నటి పెద్ద కాయలు చాలావరకు పండినా పచ్చగానే ఉంటాయి. పచ్చగా ఉందని వదిలేస్తే మంచి పండు పోతుంది, నల్లగా ఉందని కొంటే కుళ్లింది దొరకవచ్చు. చేత్తో పట్టుకుని చూడాల్సిందే, ఆ వీలు యాప్‌లో లేదు.

టవర్ క్లాక్ దగ్గర బండి మీద పండ్లు అమ్మే ఒకాయనను అడిగితే, "వెన్నపండా? ఎప్పుడు తింటావో చెప్పక్కా, దానికి తగ్గది ఇస్తా" అన్నాడు. నాలుగు కాయలు తీసి, బొటనవేలితో కాదు, అరచేతిలో పెట్టి మెల్లగా నొక్కి చూశాడు. వేలితో గుచ్చితే అక్కడే నల్లబడుతుందట. ఒకటి ఇచ్చి "ఇది రేపు", ఇంకొకటి ఇచ్చి "ఇది ఎల్లుండి దాటినాక" అన్నాడు. రెండూ కలిపి 160 రూపాయలు. తొడిమె ముక్క మెల్లగా తీసి చూస్తే లోపల లేత పచ్చగా ఉంటే మంచిది, గోధుమ రంగులో ఉంటే దాటిపోయినట్టు. అయితే ఈ పని ఇంట్లో చేయండి, అంగట్లో కాదు. కొనని కాయ తొడిమె పీకితే ఆయన తిడతాడు, తిట్టాలి కూడా.

ఆ "రేపు" పండు మరుసటి రోజు సరిగ్గా కుదిరింది. పాప లేదు కాబట్టి మా ఆయనకే చేసి పెట్టినా. బ్రెడ్ పెనం మీద నూనె లేకుండా కరకరలాడేదాకా కాల్చినా. పండును ఉప్పు, మిరియాలు, అర చెక్క నిమ్మరసం వేసి ఫోర్కుతో మెదిపినా. నిమ్మరసం లేకపోతే పది నిమిషాలకే రంగు తిరుగుతుంది. పండును పెనం మీద వేడి చేయకూడదు, చేదెక్కుతుంది. టమాటా మనకు కక్కలపల్లి మార్కెట్ పుణ్యమా అని కొదవ లేదు, కాకపోతే గింజల గుజ్జు తీసేయాలి, లేదంటే ఆ నీళ్లకు బ్రెడ్ నానిపోతుంది. పైన పచ్చసొన కారేలా ఒక గుడ్డు. మా ఆయన రెండు తిని, "పల్లీల పొడి చల్లి ఉంటే ఇంకా బాగుండేది" అన్నాడు. నిజానికి బాగానే ఉంటుంది.

బాక్స్‌లోని బ్రెడ్ సంగతి కూడా ఒక మాట. ముందువైపు ఏడు ధాన్యాల బొమ్మలున్నాయి. వెనకాల సన్న అక్షరాల్లో మొదటి పదార్థం మైదా, చివర్లో క్యారమెల్ రంగు. పదార్థాల పేర్లు బరువు ఎక్కువున్నది ముందుగా, తక్కువున్నది వెనకగా రాయాలన్నది నియమం. కాబట్టి మొదటి పేరు చదివితే చాలు. గుడ్లు ఆరింటిలో రెండు నీళ్లలో వేస్తే తేలాయి, పారేసినా.

ఇప్పటిదాకా జరిగింది ఇది. మొదట వంద రూపాయల కూపన్ ఇస్తామన్నారు, వద్దన్నా. యాప్‌లో కింద ఎక్కడో దాచిపెట్టిన గ్రీవెన్స్ ఆఫీసర్ మెయిల్ వెతికి, రెండు చాట్‌ల స్క్రీన్‌షాట్లూ పక్కపక్కన పెట్టి పంపినా. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అందినట్టు జవాబు వచ్చింది. ఇంతలో 1915కు, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి నమోదు కూడా చేయించినా. తెలుగులోనే మాట్లాడినా, నంబరు మెసేజ్‌లో వచ్చింది. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే. 5 లక్షల లోపు విలువకు అక్కడ ఫీజు లేదు. 649 రూపాయలకు ఇంత దూరమా అని మా ఆయన నవ్వుతున్నాడు, నవ్వనీ.

నాలుగో కాయ ఇంకా వంటింటి గట్టు మీదే ఉంది. ఈరోజుకు పన్నెండో రోజు, నొక్కితే ఇంకా రాయే. సాక్ష్యంగా పనికొస్తుందని పారేయలేదు.