ఐనాచురలిస్ట్ యాప్ రివ్యూ: ఎండు కొండల్లో అరుదైన మొక్కలు వెతికేవాళ్లు ఇది చదివాకే ఫోటో పెట్టండి

ముందే చెప్పేస్తున్నాను. నీళ్లు తక్కువగా ఉండే కొండల మీద ఎప్పుడూ చూడని మొక్క కనిపిస్తే, దాని పేరేంటో తర్వాత చూసుకోవచ్చు, ముందు యాప్‌లో లొకేషన్ దాచే సెట్టింగ్ పెట్టండి. ఈ రివ్యూ రాస్తున్నదే అందుకు.

యాప్ గురించి రెండు ముక్కలు. 2008లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో మాస్టర్స్ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది, 2023 నుంచి లాభాపేక్ష లేని స్వతంత్ర సంస్థగా నడుస్తోంది. వాడటానికి డబ్బు కట్టక్కర్లేదు. మనం ఫోటో పెడితే యాప్ ఒక పేరు సూచిస్తుంది, ఆ తర్వాత మొక్కలు తెలిసినవాళ్లు చూసి ఔననో కాదనో అంటారు. పేరు చెప్పినవాళ్లలో మూడింట రెండు వంతులకు పైగా ఒకే జాతి అంటే, మిగతా వివరాలు కూడా సరిగ్గా ఉంటే, అది రీసెర్చ్ గ్రేడ్ (పరిశోధనకి పనికొచ్చే రికార్డు) అవుతుంది. ఇతరులు వాడుకోవచ్చని మనం లైసెన్స్ ఇచ్చిన అలాంటి రికార్డులు జీబీఐఎఫ్ అనే అంతర్జాతీయ డేటాబేస్‌కి వెళ్తాయి. అంటే మన ఫోన్లో తీసిన ఫోటో, ఎక్కడో ఎవరో పరిశోధకుడు గీసే మ్యాప్‌లో ఒక చుక్క అవుతుంది. ఇది నాకు చాలా పెద్ద విషయం.

ఇక నాకు బాగా నచ్చిన సంగతి. ముప్పులో ఉందని నమోదైన జాతి అయితే యాప్ దాని అసలు లొకేషన్ బయటికి చూపించదు. 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఒకచోట చుక్క పెడుతుంది, భూమధ్యరేఖ దగ్గర ఆ గడి పొడవు వెడల్పులు సుమారు 22 కిలోమీటర్లు. కచ్చితమైన తేదీ కూడా చూపించదు, నెల మాత్రమే కనిపిస్తుంది. ఇంత జాగ్రత్త దేనికంటారా? దక్షిణాఫ్రికా ఎడారి కొండల్లో రాళ్ల సందుల్లో గింజల్లా పెరిగే కోనోఫైటమ్ మొక్కల్ని సంచులకొద్దీ తవ్వి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. కాలిఫోర్నియా వైట్ మౌంటెన్స్‌లో 4,800 ఏళ్లు దాటిన మెతూసెలా అనే బ్రిసిల్‌కోన్ పైన్ చెట్టు ఎక్కడుందో అక్కడి అటవీ శాఖ ఇప్పటికీ చెప్పదు.

నాకూ ఒక అనుభవం ఉంది. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర, పేరు చెప్పను, నర్సరీలో పెంచినదని రాసుంటే ఒక చిన్న కండగల మొక్క కొన్నాను. పార్శిల్ విప్పి చూస్తే వేరు సగానికి తెగి ఉంది, కాండం అడుగు బెరడు కట్టి ముదిరిపోయి ఉంది, వేళ్ల మధ్య చిన్న రాతి పలుకులు ఇరుక్కుని ఉన్నాయి. కుండీలో విత్తనం నుంచి పెరిగిన మొక్క అలా ఉండదు. అడిగితే జవాబే లేదు. ఆ రోజు నుంచి కొండ మొక్కలు కొనడం మానేశాను.

అయితే ఈ దాచిపెట్టడంలో ఒక మెలిక ఉంది. యాప్ లొకేషన్ దాచేది పేరును బట్టి. పేరు సూచించే మోడల్ నేర్చుకునేది తగినన్ని ఫోటోలు ఉన్న జాతుల మీద. అరుదైన మొక్కకి ఫోటోలే తక్కువ కాబట్టి అది మోడల్‌లో లేకపోవచ్చు, అప్పుడు దాని చుట్టాల్లో ఎక్కడపడితే అక్కడ దొరికే ఏదో ఒక జాతి పేరు రావచ్చు. మనం ఆ పేరు నొక్కేస్తే లొకేషన్ అందరికీ బహిరంగం! ఎవరో నిపుణుడు చూసి సరిదిద్దేదాకా అలాగే ఉంటుంది. అందుకే లొకేషన్ దాచే జియోప్రైవసీ సెట్టింగ్‌లో అబ్‌స్క్యూర్డ్ (మరుగుపరచినది) అని మనమే ముందుగా పెట్టాలి అంటున్నాను. అదే రోజు అదే చోట తీసిన మామూలు మొక్కల ఫోటోలకీ పెట్టండి, లేకపోతే వాటిని బట్టి దారి కనిపెట్టేస్తారు.

ఇంకో ఇబ్బంది కొండ వల్ల వచ్చేది. మైదానంలో 22 కిలోమీటర్లు అటూ ఇటూ అయినా వాతావరణం పెద్దగా మారదు. పొడి కొండల్లో మాత్రం ఆ దూరంలోనే కింద ముళ్ల పొదలు, పైన పొగమంచు తగిలే చోట పూర్తిగా వేరే చెట్లు ఉంటాయి. ఒకసారి మిట్టమధ్యాహ్నం ఒక రాతి పగుల్లో బొటనవేలంత మొక్క చూశాను. పైన బండ చెయ్యి ఆనించలేనంత కాలిపోతోంది, పగుల్లో వేలు పెడితే చల్లగా తగిలింది. ఆ పగులు పొడవునా పదకొండు మొక్కలు ఉన్నాయి, జానెడు పక్కన ఒక్కటీ లేదు. దీన్ని 22 కిలోమీటర్ల గడిలో చుక్కగా చూస్తే ఏం అర్థమవుతుంది? అందుకని నోట్స్‌లో ఎత్తు వంద మీటర్లకి సర్ది రాస్తాను, వాలు ఏ దిక్కుకి ఉందో రాస్తాను (ఉత్తరార్ధగోళంలో ఉత్తరపు వాలు మీద ఎండ తక్కువ, తడి ఎక్కువ రోజులు నిలుస్తుంది), రాయి రకం తెలిస్తే అదీ రాస్తాను. వీటితో చోటు దొరకదు, మొక్క ఎలాంటి చోట బతుకుతుందో తెలుస్తుంది. పరిశోధకులు అసలు లొకేషన్ కావాలని మెసేజ్ పెడితే, వాళ్లెవరో చూసుకుని ఇవ్వచ్చు.

మొత్తంగా 5కి 4 ఇస్తాను. ఒకటి తగ్గించింది దేనికంటే, మ్యాప్‌లో చుక్కలు ఎక్కువగా పడేది మనుషులు నడిచే దారుల వెంటే, చుక్క లేని చోట మొక్క లేదనుకునే ప్రమాదం ఉంది. సహారాలో తస్సిలి కొండల సైప్రస్ చెట్లు 233 మిగిలాయని తెలిసింది మనుషులు వెళ్లి ఒక్కో చెట్టూ లెక్కపెట్టడం వల్ల.

పైగా మ్యాప్‌లోని చుక్క చెట్టు వయసు చెప్పదు. సొకోట్రా దీవి కొండల మీద గొడుగుల్లాంటి డ్రాగన్స్ బ్లడ్ చెట్ల ఫోటోలు చూస్తే కళ్లు చెదురుతాయి. కానీ చాలా చోట్ల అవన్నీ ముసలి చెట్లే, మొలకల్ని మేకలు మేసేస్తున్నాయి. మ్యాప్‌లో మాత్రం నిండుగా కనిపిస్తుంది. అందుకే నేను పెద్ద చెట్టు ఫోటో తీశాక దాని చుట్టూ వంగి పిల్లమొక్కల కోసం వెతుకుతాను. ఉంటే వాటికి విడిగా ఫోటో పెడతాను, లేకపోతే ఎంతసేపు వెతికానో రాసి, ఒక్కటీ కనిపించలేదని నోట్స్‌లో పెడతాను.